రేడియేటర్‌లో పసుపు

ఆ ఏడాది మా ఇంట్లో నీళ్లకు కొలత ఉండేది. అమ్మ రోజుకు మూడు గ్లాసులకు మించి తాగకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. పొద్దున్నే నా భార్య ఆ మూడు గ్లాసులూ ఒక స్టీలు చెంబులో పోసి, అమ్మ మంచం పక్కన కిటికీలో పెట్టేది. మాత్రలకైనా, అన్నం దిగడానికైనా, ఉత్తినే గొంతు తడుపుకోవడానికైనా అవే. సాయంత్రానికి చెంబు ఖాళీ అయితే మర్నాడు పొద్దుటి దాకా అంతే. ఇంటి ముందు నిలబెట్టిన నా పాత కారుకు మాత్రం అలాంటి పథ్యం ఏదీ లేదు. మూత తీసినప్పుడల్లా బిందెడు తాగేది.

"నా వాటా గూడ దానికే పోస్తున్నవ్ రా," అనేది అమ్మ కిటికీలోంచి చూస్తూ.

నాకు నవ్వొచ్చేది కాదు. ఆ కారుతో నాకు అప్పటికే నెల రోజులుగా గొడవ నడుస్తోంది.

నేను వేములపల్లి దగ్గర ఒక ప్రభుత్వ బడిలో సైన్సు చెబుతాను. ఇల్లు మిర్యాలగూడలో, రైసుమిల్లుల వెనక వీధిలో. గాలి ఇటు తిరిగితే ఉడికిన వడ్ల వాసన ఇల్లంతా నిండుతుంది, అటు తిరిగితే ఊక బూడిద వచ్చి బట్టల మీద పడుతుంది. అమ్మకు కిడ్నీలు పనిచేయడం మానేశాక, మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి డయాలసిస్ చేయించాలన్నారు. మా ఊళ్లో అప్పటికి మిషన్లు ఖాళీ లేవు. సూర్యాపేట దవాఖానలో ఒక బెడ్ దొరికింది. దొరకడమే అదృష్టం అన్నారు అందరూ.

మొదటి నెల బస్సులో తీసుకెళ్లాను. నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచిన మనిషికి బస్టాండులో నిలబడే ఓపిక ఎక్కడుంటుంది? తర్వాత కిరాయి కారు మాట్లాడాను. రెండోసారి తిరిగొస్తుంటే అమ్మ సీటు మీద వాంతి చేసుకుంది. ఆ డ్రైవరు పాపం ఒక్క మాట అనలేదు. బండి పక్కకు ఆపి, దారిన పోయేవాళ్లు చూస్తుండగా సీటు కడగడం మొదలుపెట్టాడు. అతను కడిగినంతసేపూ అమ్మ వేపచెట్టు కింద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఎత్తలేదు. ఇంటికొచ్చాక చెప్పేసింది.

"ఇగ నేను రాను. మల్ల అడగకు."

బతిమాలాను. అరిచాను. అరవడం నాకు బాగా వచ్చు, నా కోపం ముక్కు మీదే ఉంటుందని బడిలో పిల్లలక్కూడా తెలుసు. అమ్మ వినలేదు. చివరకు ఒక పాత డీజిల్ కారు కొన్నాను. రెండో చేతిది కాదు, నాలుగో చేతిదో ఐదో చేతిదో. తవుడు రంగు. ముందు సీటు బాగా వెనక్కి వాలుతుంది, అదొక్కటే చూసుకుని కొన్నాను. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, సీట్లో కూర్చుని, వెనక్కి వాలి చూసి అంది:

"ఈ బండి నడిచినన్ని దినాలు వస్త. ఇది ఆగిననాడు నేను గూడ ఆగుత. గప్పుడు నన్ను తిప్పల పెట్టొద్దు."

సరే అన్నాను నవ్వుతూ. హాస్యానికి అంటోందనుకున్నాను. అమ్మ అన్న మాట మీంచి వెనక్కి పోయిన సందర్భం ఒక్కటీ లేదన్న సంగతి ఆ క్షణం గుర్తు రాలేదు.

ఎనిమిది నెలలు కారు చెప్పినట్టు విన్నది. తర్వాత ఒక మంగళవారం, సూర్యాపేట నుంచి తిరిగొస్తుంటే మూసీ వంతెన దాటగానే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. అమ్మ పక్క సీట్లో వాలి నిద్రపోతోంది. నేను దిగి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేశానో లేదో వెనక నుంచి ఒక కేక వినిపించింది.

"సారూ, ఇప్పకు. మొఖం కాలుతది."

బియ్యం బస్తాల లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు దిగివచ్చాడు. అరగంట ఆగమన్నాడు. ఆ అరగంటా తన కష్టసుఖాలు చెప్పాడు. తర్వాత మూత తీసి, లోపలికి తొంగి చూసి, లారీలో వంట సామాను పెట్టుకునే పెట్టెలోంచి ఒక డబ్బా తెచ్చాడు.

"యాడనో సన్న తూటు వడ్డది. గిసొంటి వాటికి పసుపే మందు. మూడు చెంచాలు ఏస్తున్న. పోయి పోయి తూటుకు అడ్డం వడ్తది."

వేశాడు. నీళ్లు పోశాడు. పైసా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఇల్లు చేరేదాకా ముల్లు సగంలోంచి కదల్లేదు.

మర్నాడు స్టాఫ్ రూములో దీని మీద ఉపన్యాసం ఇచ్చాను. పసుపు రేణువులు నీటితో ప్రయాణించి రంధ్రం దగ్గర ఎలా పేరుకుంటాయో బోర్డు మీద బొమ్మ వేసి చూపించాను. అంతటితో ఆగితే బాగుండేది. మూడు చెంచాలకే ఇంత గుణం కనిపిస్తే పావు కిలోకు ఎంత కనిపించాలి అనిపించింది నాకు. ఆ ఏడాదికని అమ్మ కొమ్ములు ఆడించి పెట్టుకున్న పసుపులోంచి ఒక డబ్బాడు తీసుకెళ్లి రేడియేటర్‌లో పోశాను. అతి సర్వత్ర వర్జయేత్ అని పిల్లల చేత కాపీ రాయించేది నేనే.

"కూరలకు పసుపు లేదు, కారుకైతే ఉన్నది," అంది నా భార్య.

రెండు వారాలు బాగానే గడిచింది. మూడో వారం ముల్లు మళ్లీ లేవడం మొదలుపెట్టింది, ఈసారి మొదటికంటే తొందరగా. నీళ్లు పోస్తున్నాను, తగ్గిపోతున్నాయి. బండి కింద చూస్తే నేల పొడిగా ఉంటుంది. ఒక్క చుక్క కనిపించదు. సూర్యాపేటలో దవాఖాన పక్కన ఒక మెకానిక్కుకు చూపించాను. అతను కింద పడుకుని చూశాడు, పైనుంచి చూశాడు, తల గోక్కున్నాడు.

"నీళ్లు ఏడ పోతున్నయో సమజైతలేదు సార్. ముందుగాల రేడియేటర్ సాఫ్ చేయించు. కోదాడల ఒక పెద్దాయన ఉన్నడు, లారీల రేడియేటర్లన్నీ ఆయన తానకే పోతయి."

బుధవారం సెలవు పెట్టి కోదాడ పోయాను. హైవే పక్కన రేకుల షెడ్డు. గోడకు ఆనించి మనిషంత ఎత్తు లారీ రేడియేటర్లు వరసగా ఉన్నాయి. పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, నా రేడియేటర్ విప్పి, పై మూత ఊడదీశాడు. లోపల చూశాడు. నన్ను చూశాడు.

"ఏంటి మాస్టారూ, ఇది రేడియేటరా, పులిహోర గిన్నెనా?"

లోపల సన్న గొట్టాల నిండా పసుపు ముద్ద. వేలితో తీసి నా ముందు పెట్టాడు. మూడు చెంచాలతో మొదలైన సంగతి చెప్పాను, పావు కిలో సంగతి మింగేశాను. ఆయనకు అర్థమైపోయింది.

"పసుపు వేసేది ఇల్లు చేరడానికండీ, కాపురం చెయ్యడానికి కాదు. నీళ్లేం పోశారు, బోరువేనా? మన బోరు నీళ్లకి మనుషుల కిడ్నీల్లో రాళ్లొస్తన్నాయి, ఇంజన్లో రావా?"

నా ముఖంలో ఏం కనిపించిందో, "ఏమైంది మాస్టారూ," అన్నాడు. అమ్మ సంగతి చెప్పాను. మంగళవారం, శుక్రవారం సంగతి చెప్పాను. ఆ తర్వాత ఆయన వేళాకోళం ఆపేశాడు. ముందు రెండు లారీల పని ఉన్నా పక్కన పెట్టి, ఒక్కో గొట్టంలోనూ సన్న కడ్డీ దూర్చి ముద్దంతా తోశాడు. తర్వాత రేడియేటర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి చూశాడు.

"ఒక్క బుడగ రాలేదు, చూశారా? చిల్లు దీంట్లో లేదు. ఇంకెక్కడో పోతన్నాయి నీళ్లు. ఇంజన్ లోపల పసుపు ఇంకా ఉంటది, నాలుగైదు సార్లు నీళ్లు మారిస్తే గాని పోదు. చూసుకుంటా నడపండి."

శుక్రవారం సూర్యాపేట పోతుంటే దారిలో మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. మూడోసారి ఆలస్యమైపోతోందన్న కంగారులో, చల్లారకముందే గుడ్డ చుట్టి మూత తిప్పాను. పసుపు నీళ్లు ఎగజిమ్మి అంగీ ముందంతా తడిసింది, ముంజేయి కాలింది. గంట ఆలస్యంగా చేరాం. మిషను దగ్గర పనిచేసే అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఇట్లా అయితే కష్టం సార్, బెడ్ కోసం ఇంకా చాలామంది లైనులో ఉన్నరు అని. అమ్మ కళ్లు మూసుకుని వింటోంది.

తిరిగొచ్చి ఇంటి ముందు కారు ఆపాక అమ్మ దిగలేదు.

"మాట యాదున్నదా?"

"ఏ మాట?"

"బండి ఆగిననాడు అని."

"బండి ఆగలేదమ్మా. ఇంటికొచ్చింది కదా."

"వచ్చింది. దాన్ని సూస్తే నన్ను నేను సూసుకున్నట్టున్నది. ఎన్ని పోసినా నిలుస్తలెవ్వు. దాన్ని ఇడిసిపెట్టు కొడుకా. నన్ను గూడ."

నాకు ఆ సాయంత్రం భయం వేసింది. కోపం వస్తే అరిచి దించుకోవచ్చు. భయాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. వరండాలో కూర్చుని కోదాడ పెద్దాయనకు ఫోన్ చేశాను. ఒక పక్క నా భార్య నల్లా దగ్గర నా అంగీ ఉతుకుతూ, "సబ్బు పెడితే పసుపు మరక పోతదనుకున్న, ఇంకింత ఎర్రగైంది, ఇగ ఈ అంగీ పనికి రాదు," అని గొణుగుతోంది. ఆమె పక్కనే పీట మీద అమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. నీళ్లు తాగకూడదు గనక, నోరు ఎండిపోకుండా సగం ఆకు నములుతూ ఉండేది. నా ధ్యాసంతా ఫోను మీదే.

"నీళ్లు బయట కారట్లేదంటే లోపలికి పోతన్నాయేమో మాస్టారూ," అన్నాడు పెద్దాయన. "ఇంజన్ హెడ్డు విప్పాలి. నాకు తెలిసినతను ఉన్నాడు, చేయిస్తాను. పది రోజులైతే పడతది."

పది రోజులంటే మూడు డయాలసిస్‌లు. మూడు తప్పితే బెడ్ ఉండదు. బెడ్ ఉన్నా మనిషి ఉండకపోవచ్చు.

శనివారం బడిలో తోటి మాస్టారు తన కారు ఇస్తానన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. కిరాయి కారులో పాత బట్ట పరుచుకుని పోదామన్నాను. అటు తిరిగి పడుకుంది. సూర్యాపేట పోయినప్పుడల్లా అమ్మ వెంట ఒక నీలం గుడ్డ సంచి ఉండేది. అందులో దుప్పటి, దవాఖాన ఫైలు, తువ్వాలు. ఆ మధ్యాహ్నం అమ్మ కోడల్ని పిలిచి ఆ సంచి బీరువా మీద పెట్టమంది. నా భార్య పెట్టి, వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఆదివారం పొద్దున నేను బానెట్ ఎత్తి, టార్చి పట్టుకుని, ఆ ఇంజన్ను నోటికొచ్చినట్టు తిడుతూ నిలబడ్డాను. నాకు దాని గురించి తెలిసింది పెద్దగా లేదు. ఊరికే లోపల కూర్చుంటే మనసు నిలవక వచ్చాను. కాసేపటికి తలుపు చప్పుడైంది. అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, మెట్టు మీది కుర్చీలో కూర్చుంది. చేతిలో సున్నం డబ్బా.

"ఏం దేవులాడుతున్నవ్?"

"చిల్లు."

"కనవడ్తలేదా?"

"కనిపిస్తే ఇక్కడెందుకుంటాను," అన్నాను విసురుగా.

వీధిలో వడ్ల ట్రాక్టరు ఒకటి పోయింది. దాని చప్పుడు దూరమయ్యాక అమ్మ అడిగింది.

"నీళ్లల్ల పసుపున్నదంటివి గద. ఇంకా ఉన్నదా?"

"ఉందమ్మా. ఎందుకిప్పుడు?"

అమ్మ సున్నం డబ్బా నా వైపు చాపింది.

"సున్నం పల్సగ కలిపి ఇంజన్ కు అంతట పుయ్యి. ఎండనియ్యి. గా ఎనుక బండి చాలూ చెయ్యి. యాడ ఎర్రగైతే గాడ కారుతున్నట్టు."

టార్చి నా చేతిలో వెలుగుతూనే ఉంది. ఏటేటా ఏడో తరగతి పిల్లల చేత కాగితం మీద పసుపు రుద్దించి, దాని మీద సున్నపు తేట చుక్క వేయించి, ఎర్రబడింది చూశారా, ఇది క్షారం అని చెప్పేది ఎవరు? నేను. పసుపులో సున్నం కలిపి కాళ్లకు పారాణి పెట్టుకోవడం ఎవరికి తెలియదు? నెల రోజులుగా నా కారు నిండా పసుపు నీళ్లు, నా ఇంటి నిండా సున్నం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

డబ్బాలో సున్నం చాలదు. నా భార్య వెనక గోడకు వెల్ల వేయగా మిగిలిన సున్నం పట్టుకొచ్చింది. పాత కుంచెను ఒక పుల్లకు కట్టి, చెయ్యి దూరని సందుల్లోకి కూడా పూశాను. అమ్మ కుర్చీలోంచే పని చెప్పింది. "గా మూలకు పుయ్యలే. కింద పుయ్యి, ఎనుక పుయ్యి." అరగంటలో ఎండకు ఇంజన్ తెల్లబడింది. స్టార్ట్ చేసి, ముల్లు పైకి లేచేదాకా ఆగి, ఆపేసి, టార్చి వేసి చూశాను. ముందు వైపు ఏమీ లేదు. గొట్టాల దగ్గర ఏమీ లేదు. ఇంజన్ వెనక, పొగ గొట్టం పైన, తెల్లటి సున్నం మీద జానెడు పొడవున సన్నటి ఎర్ర గీత.

"అమ్మా, ఎర్రగైంది."

"యాడ?"

లేచి వచ్చింది. భుజం పట్టుకుని వంగింది. నేను టార్చి పట్టాను. ఆ గీత ఒక గుండ్రటి రేకు బిళ్ల అంచు నుంచి మొదలై కిందికి దిగింది. దిగినచోట పొగ గొట్టం కాలిపోతూ ఉంటుంది. నీళ్లు దాని మీద పడి ఆవిరైపోతున్నాయి, అందుకే నేల మీద చుక్క లేదు. అమ్మ చాలాసేపు చూసింది.

"గింత దానికా," అంది. "గింత దానికి నెల దినాలు తిప్పింది మనల."

ఫోటో తీసి కోదాడకు పంపాను. రెండు నిమిషాల్లో ఫోనొచ్చింది.

"మాస్టారూ, అది డమ్మీ అండి. ఇంజన్ తయారుచేసేటప్పుడు వదిలిన రంధ్రానికి కొట్టే మూత. తుప్పు పట్టి చిల్లు పడింది. హెడ్డు విప్పక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. రెండు గంటల పని. రేపు పొద్దున్నే తెచ్చేయండి. ఇంతకీ ఆ ఎర్ర రంగేంటండీ?"

చెప్పాను.

"ఆవిణ్ణి కూడా తీసుకురండి," అన్నాడు.

సోమవారం మళ్లీ సెలవు. హెడ్మాస్టరు అన్న మాటలు ఇక్కడ రాయను. అమ్మను పిలవాల్సిన అవసరం రాలేదు, చీర మార్చుకుని కుర్చీలో సిద్ధంగా ఉంది. వెనక సీటు నిండా నీళ్ల డబ్బాలు పెట్టుకుని, హుజూర్‌నగర్ మీదుగా, ముల్లు లేచినప్పుడల్లా నీడ చూసుకుని ఆగుతూ పోయాం. నా బతుకులో అంత నిదానంగా బండి నడిపింది లేదు, అంత ఓపికగా కూడా.

పెద్దాయన అమ్మకు ఫ్యాను కింద కుర్చీ వేయించి, "మంచినీళ్లు తాగుతారా అమ్మా," అన్నాడు.

"నాకొద్దు. దానికి పొయ్యి," అంది అమ్మ కారును చూపించి.

పొగ గొట్టం విప్పి పక్కన పెట్టారు. బిళ్లను ఒక అంచున సుత్తితో కొడితే అడ్డంగా తిరిగింది, పటకారుతో లాగేశారు. గుంతను గరుకు కాగితంతో రుద్ది, అంచుకు జిగురు రాసి, కొత్త ఇత్తడి బిళ్ల పెట్టి దిగ్గొట్టారు. ఇత్తడిదైతే తుప్పు పట్టదన్నాడు. మిగిలిన పసుపు నీళ్లన్నీ వదిలేసి, మంచి నీళ్లలో ఇంజన్ను చల్లగా ఉంచే ఆకుపచ్చ కూలెంట్ కలిపి పోశాడు. తడిగుడ్డతో సున్నమంతా తుడిచాడు, వదిలేస్తే అల్యూమినియాన్ని తినేస్తదని. చివరకు పాత బిళ్లను ఆకాశానికి పెట్టి అమ్మకు చూపించాడు. సూదిమొనంత వెలుతురు.

"ఇన్నేళ్లుగా ఈ పని చేస్తన్నానమ్మా. ఈ కిటుకు నాకు తట్టలేదు."

"నీకు ఆకు అలవాటు లేనట్టున్నది," అంది అమ్మ.

ఆయన నవ్వాడు. ఆ బిళ్లను అమ్మ అడిగి తీసుకుని కొంగుకు కట్టుకుంది.

తిరిగొస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా నాట్లకు దమ్ము చేసిన మళ్లు. అన్నిట్లోనూ నీళ్లు. ముల్లు సగంలో నిలబడి ఉంది. ఏదో మాట కలపాలని అడిగాను.

"సున్నం సంగతి ఎప్పుడు తట్టింది నీకు?"

"శుక్రారం. నీ అంగీ ఎర్రగైనప్పుడు."

నేను లెక్క వేసుకున్నాను. శుక్రవారం సాయంత్రం తెలిస్తే, శనివారం సంచి బీరువా మీదికి ఎందుకెక్కింది?

"మరి ఆదివారం దాకా చెప్పలేదేం?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

"చెప్పొద్దనే అనుకున్న. నువ్వు దేవులాడి దేవులాడి యాష్టకొచ్చి బండి అమ్ముతవ్, నాకు ఛుట్టీ అయితదనుకున్న. శనారమంత గట్లనే ఉన్న."

"మరి?"

"ఆదివారం పొద్దుగాల్ల మెలకువ రాంగనే దూపైంది."

దూప అంటే మా దిక్కున దాహం. అమ్మకు అది కొత్త కాదు, దాహం లేని గంట ఆమెకు ఉండేది కాదు.

"చెంబు దిక్కు సూసిన. కోడలు ఇంకా నింపలే. ఎప్పుడు నింపుతదా, ఎప్పుడు నింపుతదా అని దాని దిక్కే సూసుకుంట కూసున్న. గప్పుడు అనిపిచ్చింది, పోవాలనుకున్న దానికి గింత దూప ఎందుకైతదని."

నేను బండి పక్కకు ఆపాను.

"ఏమైంది?"

"వేడెక్కింది," అన్నాను.

అమ్మ వంగి ముల్లు చూసింది. "సగంలనే ఉన్నది గద."

నాకు ఏడుపొచ్చింది, అదీ సంగతి. స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను. యాభై ఏళ్లవాణ్ణి, పిల్లల్ని అదిలించే మాస్టారును. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, "పోనియ్యి ఇగ, కోడలు ఎదురుసూస్తది," అంది.

మంగళవారం నేను తాళాలు వెతుక్కుని బయటికి వచ్చేసరికి అమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్లో నీలం సంచి. సూర్యాపేటకు సమయానికంటే పావుగంట ముందే చేరాం. రానూ పోనూ దారిలో ఎక్కడా ఆగలేదు. మూసీ వంతెన దగ్గర అలవాటుగా ముల్లు వైపు చూశాను, అమ్మ కూడా చూసింది.

బుధవారం పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక రేడియేటర్ మూత తీశాను. ఆకుపచ్చ నీళ్లు అంచు దాకా ఉన్నాయి. వేలు పెట్టి చూశాను, నమ్మకం కుదరక రెండోసారి పెట్టి చూశాను. కిటికీ దగ్గరికి పోయి చెప్పాను.

"అమ్మా, ఒక్క చుక్క తగ్గలేదు."

అమ్మ మంచం మీంచి చెయ్యి చాపి, కిటికీ ఊచల్లోంచి చెంబు బయటికి పెట్టింది.

"అయితే దాని వాటా ఇగ నాకు పొయ్యి."

నేను వాకిట్లో ఉన్న నా భార్య వైపు చూశాను. ఆమె నవ్వు ఆపుకుంటూ బిందె తెచ్చింది. మూడు గ్లాసుల మీద రెండు గుటకల నీళ్లు ఎక్కువ పోశాను, డాక్టరు ఏమనుకుంటే అనుకోనీ. అమ్మ ఒక్క గుటక తాగి, పెదాలు తుడుచుకుని, చెంబు కిటికీలో పెట్టుకుంది.

"ఇంకో గుటక రేపటికి ఉండనియ్యి," అంది.